పట్టాకో ఎర్ర పట్టీ

"మా బసవడికి పెన్షనొచ్చిందమ్మోయ్!"

వెంకాయమ్మ గేటు పట్టుకుని వీధి వీధంతా వినేలా ఈ మాట అనేసరికి, వంటింట్లో సుప్రజ చేతిలోని గరిట జారి సింకులో పడింది.

తప్పు ముసలావిడది కాదు. చెవికి పెట్టుకోవాల్సిన మిషను బ్యాటరీ అయిపోయి బీరువా మీద కూర్చుంది. "ఏంటే, ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవట్లేదు? మీ నాన్న ఆఫీసుకెళ్ళలేదేంటి?" అని పొద్దున్నే ఆవిడ నిలదీస్తే, సుప్రజ చెవి దగ్గర నోరు పెట్టి "నాన్నకి సస్పెన్షన్ నాయనమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పింది. సరిగ్గా అప్పుడే స్టవ్వు మీది కుక్కరు కూత పెట్టింది. మాట ముందున్న 'సస్'ని కుక్కరు తన 'స్స్స్'లో కలిపేసుకుంది. ముసలావిడకి మిగిలింది వట్టి పెన్షను.

సర్వీసు మిగిలుండగానే కొడుక్కి పెన్షనిచ్చి ఇంటికి పంపారంటే, ప్రభుత్వం ఇన్నాళ్ళకి మనిషిని గుర్తించిందన్నమాట. అలాంటి వార్తని కడుపులో దాచుకోవడానికి వెంకాయమ్మ కడుపేమీ లాకరు కాదు.

"పెన్షనేంటి పిన్నిగారూ? అన్నయ్యగారికి రిటైర్మెంటింకా రాలేదుగా?" అని గట్టిగా అరిచింది ఎదురింటి పద్మ, బకెట్టు కింద పెట్టి.

"రానక్కర్లేదమ్మా. కొందరికి వయసు చూసి ఇస్తారు, కొందరికి మనసు చూసి ఇస్తారు. మావాడు రూపాయి ముట్టినోడు కాదు."

పద్మ ముఖం మగ్గీ మగ్గని కాయలా రెండు రంగుల్లోకి తిరిగింది. బసవపున్నారావు మీద ఏసీబీకి ఫిర్యాదు పెట్టింది ఆవిడ మొగుడు, మామిడి వ్యాపారి నారాయణరావే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలిసినట్టు పద్మకీ తెలుసు. తెలియనిదల్లా వెంకాయమ్మ ఒక్కర్తికే.

"చాలా సంతోషం పిన్నిగారూ" అని పద్మ బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి పారిపోయింది.

సుప్రజ గేటు దాకా పరుగెత్తేలోపు నాయనమ్మ మూడో ఇంటి దగ్గరుంది. మోకాళ్ళ నొప్పులు ఈవేళ సెలవు పెట్టినట్టున్నాయి.

"ఆవిణ్ణి లోపలికి తీసుకురావే" అంది తల్లి పుష్పవతి గదిలోంచి.

"ఉండనీ" అన్నాడు బసవపున్నారావు. "ఈ ఇంట్లో ఒక్క మనిషైనా సంతోషంగా ఉందిగా."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతికి వాచీ. నిన్నటిదాకా డిప్యూటీ తహసీల్దారు, జనానికి డీటీ గారు. ఇవాళ అందులో డిప్యూటీ లేదు, తహసీలూ లేదు, దారి కూడా సరిగ్గా కనపడట్లేదు. అయినా అలవాటు కొద్దీ తయారై కూర్చున్నాడు.

"పుష్పా, ఆ ఇన్‌స్పెక్టరమ్మ సాయంత్రం వస్తుంది. షీబా అని, ఏసీబీ. మర్యాదస్తురాలే. నిన్ను ఒక్క మాట అడుగుతుంది, ఆ రైతుల మామిడి చెట్ల కాయలు నువ్వు కొన్నావా అని. కొన్నానని చెప్పు. అంతే."

పుష్పవతి ఆవపిండి జల్లెడ పడుతోంది. చెయ్యి ఆగలేదు.

"నేను కొన్లేదుగా."

"పచ్చళ్ళు పెట్టేది నువ్వేగా."

"పెట్టేది నేనే. కాయలు తెచ్చేది మీరు. ఎక్కడివండీ అంటే తెలిసినవాళ్ళవి అన్నారు."

"తెలిసినవాళ్ళవే! తెలియనివాళ్ళ చెట్టు మీద నేనెప్పుడైనా చెయ్యి వేశానా?"

సుప్రజకి నవ్వొచ్చింది. వచ్చిన చోటే ఆపేసుకుంది. పుష్పవతి పచ్చళ్ళు అని పేరు పెట్టి, సీసాల మీద అమ్మ బొమ్మతో లేబుళ్ళు గీసి, ఫోన్లో ఆర్డర్లు పట్టి, హైదరాబాదు దాకా పార్సిళ్ళు పంపేది తనే. ఆ ఆవకాయలో కాయ ముక్క టెంకతో సహా కరకరమంటుందని జనం మెచ్చుకుంటే, అది అమ్మ చేతి మహిమ అనుకుంది. చెట్ల మహిమ ఎంతో ఆలోచించలేదు.

"నువ్వు కొన్నానన్నావనుకో," అన్నాడు బసవపున్నారావు, ఫైలు మీద నోటు రాయించినంత నిదానంగా, "నారాయణరావుది అబద్ధపు ఫిర్యాదైపోతుంది. రైతులు నోరు విప్పరు. వాళ్ళ పట్టాలు వాళ్ళకి అందాయి."

"విప్పితే?"

"నీ మాట ఒకవైపు, వాళ్ళ మాట ఒకవైపు. వాళ్ళే అబద్ధాలకోరులవుతారు."

"కొనలేదన్నాననుకోండి?"

బసవపున్నారావు జేబులోని పెన్ను తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "జైలుకెళ్తాను."

జల్లెడ ఆగింది.



"అసలు ఎన్ని చెట్లండీ?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

"మిమ్మల్నే. ఎన్ని చెట్లు?"

"వెళ్ళి చూసిరా" అన్నాడు ఉన్నట్టుండి, తలెత్తి. "ముసునూరు రోడ్డు పట్టుకుని వెళ్ళు. ఎర్ర పట్టీలు వెతుక్కుంటూ పో. చూస్తే నీకే తెలుస్తుంది, ఈ చుట్టుపక్కల జనం నాకెంత గౌరవమిచ్చారో. నేను ఒక్కణ్ణీ అడగలేదు పుష్పా. నోరు తెరిచి ఒక్కణ్ణి కూడా ఇమ్మని అడగలేదు!"

ఆ గొంతులో భయం లేదు. అది విని సుప్రజకి భయమేసింది.

*

మామిడి దేశంలో పుట్టినవాళ్ళకి పట్టీ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

రైతు తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేస్తాడు. ఆ రోజు నుంచీ కాపు అయ్యేదాకా తోట రైతుదే, కాయ మాత్రం రైతుది కాదు. తాత నాటిన చెట్టుకిందే మనవడు నిలబడి పండు కావాలంటే వ్యాపారి కాపలా మనిషిని అడగాలి. అందుకని బేరం చేసేటప్పుడే రైతు తన ఇంట్లోకని ఒక చెట్టు అట్టే పెట్టుకుంటాడు. దాన్ని ఇంటి చెట్టు అంటారు. దాని మొదలు చుట్టూ ఒక పట్టీ వేస్తారు. పట్టీ వేసిన చెట్టు మీదికి వ్యాపారి మనుషులు కాయలు కోసే చిక్కం కర్ర ఎత్తరు. ఎత్తితే ఆ మనిషిని మళ్ళీ ఏ తోటలోకీ రానివ్వరు.

పుష్పవతి పుట్టింటివాళ్ళది రెడ్డిగూడెం. ఆమె తండ్రి ఇంటి చెట్టుకి సున్నం పట్టీ వేసేవాడు. తెల్లగా ఉండేది.

"ఎర్ర పట్టీ నేనెప్పుడూ చూళ్ళేదే" అంది స్కూటీ వెనక కూర్చుంటూ.

మొదటిది నూజివీడు దాటగానే కనపడింది. రోడ్డు పక్క తోటలో, సున్నం పట్టీ చెట్టుకి రెండు చెట్ల అవతల. సుప్రజ స్కూటీ ఆపింది.

చెట్టంటే అది చెట్టు. కొమ్మలు నేలకి ఆనుకుని, కాయల బరువుకి చేతులు జాపి కూర్చున్న పెద్దమనిషిలా ఉంది. చిన్నరసాలు గుత్తులు గుత్తులుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలాడుతున్నాయి. చుట్టూ చెట్లన్నీ కోత అయిపోయి తేలిగ్గా నిలబడితే, ఇదొక్కటే నిండు గర్భిణిలా ఉంది. మొదలు చుట్టూ చేతి వెడల్పున ఎర్ర పట్టీ.

"అమ్మా, ఎంత బాగుందే!" అంది సుప్రజ.

"ఊఁ" అంది పుష్పవతి. తర్వాత, "మీ నాన్నకి చెట్టు తెలుసు" అంది. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. అదే ఆఖరి గర్వం.

రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. రోడ్డుకి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, కాలవ గట్టు మీద ఒకటి. రసాల తోటలో రసం. బంగినపల్లి తోటలో బంగినపల్లి. ఒక తోటలో కలెక్టరు కాయ చెట్టుకి కూడా ఎర్ర పట్టీ ఉంది. కలెక్టరు దగ్గర కూడా పుచ్చుకున్న డిప్యూటీ తహసీల్దారు భూప్రపంచంలో నాన్న ఒక్కడే అయ్యుంటాడనుకుంది సుప్రజ. పైకి అనలేదు.

తోట తోటకీ ఒక్కటే. ప్రతి తోటలోనూ అన్నిటికన్నా మంచిదే. ఎండ కొమ్మల మధ్యలోంచి పడి పట్టీలు కుంకం పెట్టినట్టు మెరుస్తున్నాయి. ఎంత దూరం వెళ్ళినా తోటల లోపల్లోపల ఎక్కడో ఒకచోట ఎర్రగా కనపడుతూనే ఉంది. సుప్రజ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేసింది. అది లెక్కకి సంబంధించిన విషయంలా లేదు. పెద్ద నది చూసినప్పుడో, వానాకాలం రాత్రి ఉరుము విన్నప్పుడో ఒళ్ళు జలదరిస్తుందే, అలా ఉంది. ఇంట్లో పేపరు చదువుతూ, తాగిన గ్లాసు తనే కడుక్కుని పెట్టే మనిషి, ఒక్క రూపాయి ముట్టని మనిషి, ఎవరికీ కనపడకుండా, అందరికీ కనపడేలా, ఇంత పెద్ద తోట పెంచాడు. దానికి కంచె లేదు. గట్టు లేదు. ముసునూరు నుంచి విస్సన్నపేట దాకా, ఆయన ఉద్యోగం చేసిన మండలాల మీదుగా పరుచుకుని ఉంది.

"ఎంత నేర్పమ్మా" అంది సుప్రజ, తనకి తెలియకుండానే.



ఒక తోటలో కాపలా మనిషి మంచం దిగి వచ్చాడు. ఎర్ర పట్టీ చెట్టు దగ్గరకొచ్చేసరికి చెప్పులు విడిచాడు.

"చెప్పులెందుకు విప్పావయ్యా?" అంది పుష్పవతి.

"డీటీ గారి చెట్టండి. అలవాటైపోయిందండి."

"ఆయన అడిగారా, ఈ చెట్టు కావాలని?"

"అబ్బే, ఆయన అడిగే మనిషి కాదండి." కాపలా మనిషి చేతులు వెనక్కి కట్టుకుని, తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి చూపించాడు. అచ్చం నాన్నే. "ఇదుగో, ఇట్టా నిలబడి, 'భలే చెట్టయ్యా' అన్నారండి. అంతేనండి. మర్నాడు తోట ఆసామి పెయింటు డబ్బా పంపించారండి. వారం తిరక్కుండా పట్టా వచ్చేసింది."

"మెచ్చుకున్నందుకే?"

"ఆయన మెచ్చుకుంటే ఒకటీ, పుచ్చుకుంటే ఒకటీనా అండీ?"

మెచ్చుకోలే పుచ్చుకోలు. పట్టా కావాలంటే పట్టీ కట్టు. ఇంత పొట్టి మాటలతో ఇంత పొడుగు నేరం చెయ్యొచ్చని సుప్రజకి అప్పుడే తెలిసింది.

"ఇంక వెళ్దామా అమ్మా? ఎండెక్కుతోంది."

"ఇంకొంచెం ముందుకి పోనీ."

*

తారు రోడ్డు అయిపోయి, మట్టి రోడ్డు కూడా సందేహిస్తూ సందేహిస్తూ ఆగిన చోట ఒక రేకుల ఇల్లుంది. ఇంటి ముందు ఒకే ఒక్క చెట్టు. దానికీ ఎర్ర పట్టీ.

"ఇది ఏ తోటలోదే?" అంది పుష్పవతి.

తోటేదీ లేదు. ఇటు చేను, అటు చేను. మధ్యలో ఇల్లు, చెట్టు.

చెట్టు కింద ఒకావిడ చేతిలో కర్రతో నిలబడి పైకి చూస్తూ కోతుల్ని తిడుతోంది. ఆ తిట్లు వింటే కోతులకి కూడా మర్యాద తెలిసొచ్చేలా ఉంది. వీళ్ళని చూసి కర్ర దించింది.

"డీటీ గారి ఇంటోళ్ళా?"

"ఎలా తెలుసు?" అంది సుప్రజ.

"సీసా మీద బొమ్మ చూశాగా. మా పాస్టరమ్మ గారింట్లో ఉంది మీ ఆవకాయ." ఆమె పుష్పవతిని పైనుంచి కిందికి చూసి, "బొమ్మలో ఇంకొంచెం ఒళ్ళుంది" అంది. "నా పేరు సుసన్నా అమ్మా. ఈ యేడు ఇంత లేటేంటమ్మా? కోసుకుపోరే? నిన్న గాలొచ్చి సగం రాల్చింది. కోతులకి లెక్చరిచ్చీ ఇచ్చీ నా గొంతు పోయింది."

"ఈ చెట్టు..." అని ఆగింది పుష్పవతి. "ఈ చెట్టు కాక ఇంకేం చెట్లున్నాయి నీకు?"

"ఇంకేముంటాయమ్మా? మా ఆయన పోయాక ఈ ఇంటి చోటు నా పేరు మీదికి మార్చమని పోతే, డీటీ గారు తనే వచ్చారు చూడ్డానికి. ఎంత పెద్ద మనిషి, నా గుమ్మంలోకి! ఆ చెట్టు కింద నిలబడి, 'భలే చెట్టమ్మా' అన్నారు."

సుప్రజ కళ్ళు మూసుకుంది.

"రంగు డబ్బా కొనలేక, ఇంట్లో గచ్చుకని తెచ్చిన ఎర్ర ఆక్సైడు ఉంటే అదే పూశాను. అందుకే నా గచ్చు సగమే ఎర్రగుంది, చూడండి." గుమ్మంలోంచి నిజంగానే సగం ఎర్ర గచ్చు, సగం బూడిద గచ్చు కనపడుతోంది. "కాయితం మాత్రం చెప్పినట్టే ఇచ్చారమ్మా. మాట తప్పలేదు. బంగారం లాంటి మనిషి."

"పట్టీ వేశాక... మీరు తింటున్నారా ఈ చెట్టు కాయ?" అంది పుష్పవతి.

"అయ్యో, పట్టీ చెట్టు కాయ ఎట్టా తింటాం? పిల్లల్ని కూడా ముట్టనివ్వను." సుసన్నా నిజంగా నొచ్చుకుంది. "మాకూ తెలుసులేమ్మా పద్ధతి. తోటలున్నోళ్ళకి ఇంటి చెట్టున్నట్టు, గవర్నమెంటుకీ ఇంటి చెట్టుంటది గదా. తోటకొకటి. నాకు తోట లేదనుకో, ఉన్నది ఒకటే. ఆ ఒకటీ వాళ్ళకెళ్ళింది. రూలు రూలే."

ఆమె ఇంట్లోకి వెళ్ళి గంప తెచ్చింది. గంప నిండా రాలిన రసాలు. గడ్డి పరిచి, తొడిమలు పైకి ఉండేలా పేర్చింది.

"రాలినవి కూడా మీవేగా. ఒకటీ రెండూ చితికాయి. ఆ చితికినవి కూడా ఉంచా, మళ్ళీ లెక్క తేడా వచ్చిందంటారని."

సుప్రజకి పొద్దున్నించీ చూసిన ఎర్ర పట్టీలన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. ఇంతసేపూ నాన్న నేర్పు చూసి నోరు తెరిచింది. ఇప్పుడు ఈ గంప ముందు నోరు మూతపడింది. తన ఇంటి ముందు, తన చెట్టు కింద, చితికిన పండు వాసన పీలుస్తూ, నాలిక మీద పెట్టుకోకుండా దాచడానికి ఎంత బలం కావాలి? తను చెయ్యగలదా? తను కాదు గదా, తనకి తెలిసినవాళ్ళెవరు చెయ్యగలరు?

పుష్పవతి గంప వైపు చెయ్యి చాపలేదు. చెట్టు దగ్గరికి నడిచింది. వంగి, కొంగు చివర తడిపి, పట్టీని రుద్దింది. రాలేదు. ఆక్సైడు మరి. గోటితో గీకింది. బెరడు లేచింది గానీ ఎరుపు పోలేదు.

"అదేంటమ్మా, చెరిపేస్తున్నారు? మళ్ళీ డీటీ గారు నన్నంటారు!"

"అనరు" అంది పుష్పవతి. "ఆ పళ్ళు పిల్లలకి పెట్టుకో సుసన్నా."

"రూలో?"

పుష్పవతి స్కూటీ ఎక్కింది. బండి కదిలింది.

నూజివీడు తిరుగు దారి పట్టారు. వీపుకి ఆనుకున్న అమ్మ ఊపిరి సుప్రజకి తెలుస్తూనే ఉంది. అమ్మ ఏం చెప్తుంది? కొన్నానంటే, సుసన్నా అబద్ధాలకోరు. కొనలేదంటే, నాన్న జైలు. అడగాలని నోటిదాకా వచ్చింది. అద్దంలో అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖం అంతకు ముందెప్పుడూ చూడని ముఖం.

*

ఇంటి ముందు కుర్చీలేశారు.

వెంకాయమ్మ ఎవరికి కబురు పెట్టిందో, అద్దెకి తెచ్చిన సప్లయి కుర్చీలు వరసగా ఉన్నాయి. వీధిలోవాళ్ళు, తోటలవాళ్ళు, ఆఫీసు పనుల మీద ఒకప్పుడు వచ్చిపోయినవాళ్ళు కూర్చుని మామిడి రసం తాగుతున్నారు. మధ్యలో బసవపున్నారావు. భుజాల మీద శాలువా, మెడలో బంతిపూల దండ. తియ్యమంటే తియ్యలేడు, ఉంచుకుంటే ఊపిరాడదు. నారాయణరావు కూడా వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఫిర్యాదు ఇచ్చిన చేత్తోనే గ్లాసు పట్టుకున్నాడు.

"పూత మీద తోట కొన్నవాణ్ణి, మంచి చెట్లన్నీ పోతుంటే నోరు మూసుకోమంటావా?" అని గొణుగుతున్నాడు పక్కవాడితో. "న్యాయం కోసం ఇచ్చానని నేనూ అనట్లేదు. నా కాయ కోసం ఇచ్చాను."

దండ మనిషికి ఎదురుగా, కాటన్ చీరలో ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ చేతికిచ్చిన మామిడి రసం గ్లాసు ముట్టకుండా కిటికీ గట్టు మీద ఉంది.

"పుష్పవతి గారేనాండీ? నేను షీబాని. లోపల మాట్లాడుకుందామా?"

"ఇక్కడే అడగండి" అంది పుష్పవతి.

"పుష్పా" అన్నాడు బసవపున్నారావు. దండలోంచి ఆ పిలుపు చాలా చిన్నగా వచ్చింది.

షీబా ఒకసారి ఆ కుర్చీలన్నిటినీ చూసింది. "సరే. ఎర్ర పట్టీలున్న చెట్ల కాయలు మీరు కొన్నారని మీవారు చెప్తున్నారు. మీరు కొన్నారా?"

గ్లాసులు ఎక్కడివక్కడ ఆగాయి. అర్థం కాని వెంకాయమ్మ ఒక్కతే చిరునవ్వుతో అందరి ముఖాలూ చూస్తోంది. "ఎవరమ్మా ఆవిడ? పెన్షనాఫీసు నుంచా?"

పుష్పవతి నడుచుకుంటూ వెళ్ళి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ చెవి మీది జుట్టు పక్కకి తీసింది. ఇప్పుడు కుక్కరు లేదు.

"అత్తయ్యా, పెన్షన్ కాదు. సస్పెన్షన్."

"ఆఁ?"

"సస్పెన్షన్! ఆఫీసుకి రావద్దన్నారు!"

ఆ గొంతు వీధి చివరికి వినిపించింది. కుర్చీల్లోంచి ఎవరో 'అబ్బా' అన్నారు. వెంకాయమ్మ చిరునవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది, దించుకోవడం మర్చిపోయినట్టు.

"ఎందుకూ? పని చెయ్యలేదా వాడు?"

"చేశారు. బాగా చేశారు. చేసిన ప్రతి పనికీ ఒక చెట్టు పుచ్చుకున్నారు."

"మావాడు రూపాయి ముట్టడే!"

"ముట్టలేదు. చెట్టు కింద నిలబడి భలే ఉందన్నారు. వాళ్ళు ఇచ్చేశారు." పుష్పవతి లేచి నిలబడింది. షీబా వైపు తిరిగింది. "నేను కొనలేదండి. ఒక్క కాయ కూడా కొనలేదు. ఇది రాసుకోండి."

బసవపున్నారావు శాలువా మడతలో చేతులు దాచుకున్నాడు. సుప్రజ ఆయన వైపు చూడలేకపోయింది. చూసింది అమ్మ వైపు. ఆవపిండి ఘాటుకి ఎప్పుడూ కళ్ళు తుడుచుకునే అమ్మ, ఇంతమంది మధ్య కళ్ళు తుడుచుకోకుండా నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ చూసిన చెట్లలో ఏదీ ఇంత నిటారుగా లేదు.

"ఇంకొకటి" అంది పుష్పవతి, ఈసారి కుర్చీలతో. "గవర్నమెంటుకి ఇంటి చెట్టు ఉండదు. తోటకొకటి ఇవ్వాలనే రూలు లేదు. ఎప్పుడూ లేదు. ఎవరైనా అలా అనుకుని ఇచ్చుంటే, వెళ్ళి మీ కాయలు మీరు కోసుకోండి."

తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన, అభినందించడానికి బుట్టతో సహా వచ్చినాయన, నెమ్మదిగా లేచాడు.

"రూలు లేదాండీ?" అన్నాడు. "మరి మా మూడు తోటల్లోనూ... మేము గవర్నమెంటుకేననుకుని... లేదాండీ?"

"లేదు" అంది పుష్పవతి.

ఆయన పక్కాయన వంక చూశాడు. ఆ పక్కాయన ఇంకో పక్కాయన వంక చూశాడు. చూపులు కుర్చీ కుర్చీకీ పాకి, చివరి కుర్చీలో నారాయణరావు దగ్గర ఆగాయి. ఆయన తేలు కుట్టినవాడిలా గ్లాసు కింద పెట్టాడు. ఇంతమంది ఇంత గౌరవంగా, ఇంత సంతోషంగా, ఒక లేని రూలుకి తలవంచారని ఆయనక్కూడా ఇప్పుడే తెలిసినట్టుంది.

వెంకాయమ్మకి అన్నీ వినపడలేదు. కావలసినవి వినపడ్డాయి. చిరునవ్వు ఇప్పుడు దిగింది. చేతిలో సగం తాగిన గ్లాసు ఉంది. అందులోని పసుపుపచ్చని రసం వంక చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా, ఒలక్కుండా, నేల మీద పెట్టింది.

"అయితే పుష్పా, నిరుడు ఎండాకాలమంతా మనం తిన్న రసాలు ఎవరివే? ఆ సీసాల్లో పెట్టి అమ్మినవి ఎవరివే? ఎవరివో అడగాలని నీకెప్పుడూ అనిపించలేదటే?"

షీబా రాస్తున్న పెన్ను ఆగింది. తన రెండో ప్రశ్న అదే. ముసలావిడ ముందే అడిగేసింది.

పుష్పవతి తలతిప్పి, సీసాల మీద తన బొమ్మ గీసిన కూతురి ముఖంలోకి చూసింది. అప్పటికే సుప్రజ అమ్మ ముఖంలోకి చూస్తోంది.